తాబేలు ముక్కులోంచి బుడగలు, మేత ముట్టడం లేదు: అనుభవం ఉన్నవారు చెప్పండి

కొర్లగుంట వాసి, తిరుపతి
మా ఇంట్లో సులకాటా తాబేలు ఉంది. ఆఫ్రికా జాతి, నమోదు పత్రాలతోనే తెచ్చుకున్నాం. ఈ ముసురు పట్టినప్పటి నుంచి అది గూట్లోంచి బయటికి రావడం తగ్గించింది. మందారాకు చూపిస్తే మెడ చాచుకుని వచ్చేది, ఇప్పుడు మూతి దగ్గర పెట్టినా ఒకసారి కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటోంది. ఈ ఉదయం ఎడమ ముక్కు రంధ్రంలో చిన్న బుడగ కనిపించింది. ఊపిరి వదిలినప్పుడల్లా ఉబ్బి పగిలిపోతోంది. తల లోపలికి లాక్కునేటప్పుడు బుస్సుమంటోంది. పక్కింటివారు మామూలు జలుబే, పసుపు నీళ్లు రెండు చుక్కలు ముక్కులో వేయమంటున్నారు. ఇది జలుబా, నెమ్మా? ఎవరికి చూపించాలి?

పలమనేరు పంతులమ్మ
ముక్కులో పసుపు నీళ్లే కాదు, ఏదీ వేయకండి. మనకు ఊపిరికి ఏదైనా అడ్డుపడితే దగ్గి బయటికి నెట్టేస్తాం. తాబేలుకు ఆ వీలు లేదు. మనకు దగ్గు తెప్పించే ఉదరవితానం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర, దానికి లేదు. కాళ్ల మొదళ్లలో, పొట్ట లోపలి గోడల్లో ఉన్న కండరాలు కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. లోపలికి జారిన చుక్క లోపలే ఉండిపోతుంది.

బుస్సుమన్నందుకు కంగారుపడకండి. తల లాక్కుంటే లోపలి గాలి ఒక్కసారిగా బయటికి వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న తాబేలూ ఆ శబ్దం చేస్తుంది. ముక్కు ముంచి నీళ్లు తాగుతుంది కాబట్టి తాగిన వెంటనే ముక్కున చుక్క వేలాడినా పరవాలేదు. ఏమీ తాగకుండా, పొడిగా కూర్చున్నప్పుడు వచ్చే బుడగే అసలు గుర్తు. మీరు చెప్పింది అదే అనిపిస్తోంది, మేత కూడా మానేసిందంటున్నారు కదా.

టార్చి వేసి ముక్కును దగ్గరగా చూడండి. రెండు రంధ్రాలూ ఒకే పరిమాణంలో ఉన్నాయా? వాటి కింద చర్మం రంగు పోయి, పాలిపోయిన చార ఏర్పడిందా? ఆ చార ఉంటే ముక్కు ఇవాళో నిన్నో కాదు, చాలాకాలంగా కారుతున్నట్టు లెక్క. తర్వాత చెవి డిప్ప దగ్గర పెట్టి వినండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో గరగరా, టిక్కుటిక్కుమనే చప్పుడో వినిపిస్తే ఆలస్యం చేయకండి.

గిరింపేట, చిత్తూరు
మాది ఎర్రచెవి తాబేలు, నీటి జాతి. దానికి నెమ్ము చేసినప్పుడు ముక్కు పెద్దగా కారలేదు, ఈత వంకరైంది. ఒకవైపు డిప్ప నీటి పైకి తేలిపోయేది, రెండోవైపు మునిగిపోయేది. నిటారుగా ఉండాలని కాళ్లు కొట్టుకుంటూనే ఉండేది. పాపం, ఆ అవస్థ చూడలేకపోయాం. ఎక్స్‌రేలో మునిగిన వైపు ఊపిరితిత్తి మసకగా కనిపించింది. ఇళ్లలో నీటి తాబేళ్లు పెంచేవారు ఈ ఒక్క గుర్తు మనసులో పెట్టుకోండి. కడుపులో గాలి చేరినా వంకరగా తేలుతుందట, అందుకే ఎక్స్‌రే లేకుండా మందు మొదలుపెట్టవద్దని డాక్టరుగారు చెప్పారు.

ఇంకో మాట. చేపల దుకాణంలో అమ్మే ఎండు రొయ్యలు ఒక్కటే పెట్టి పెంచితే వీటికి విటమిన్ ఎ లోపం వస్తుంది. ముందు కళ్లు ఉబ్బి మూసుకుపోతాయి, ముక్కు, ఊపిరి గొట్టాల లోపలి పొర బలహీనపడుతుంది, ఆ తర్వాత సూక్ష్మజీవులు పట్టుకుంటాయి. అలాగని విటమిన్ ఎ ఇంజెక్షన్ ఎవరితోనో వేయించేయకండి. మోతాదు మించితే తాబేలు చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. క్యారెట్, ముదురు ఆకుకూరలు, ఈ జాతికి చేసిన గుళికల మేత కలిపి పెట్టడం మేలు.

పశువైద్య విద్యార్థిని, తిరుపతి
కొర్లగుంట వారూ, మందు కంటే ముందు వెచ్చదనం. తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. చుట్టూ చల్లగా ఉంటే దాని రోగనిరోధక శక్తీ నెమ్మదిస్తుంది, ఇచ్చిన మందు ఒంట్లో తిరగడమూ నెమ్మదిస్తుంది. సులకాటా సహారా దక్షిణపు అంచున పొడి నేలల్లో పుట్టిన జాతి. చలి ఒక్కటైతే కొంత ఓర్చుకుంటుంది, వేడితో కూడిన తేమనూ ఓర్చుకుంటుంది. చలీ తేమా కలిస్తే మాత్రం తట్టుకోలేదు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చేది సరిగ్గా ఆ వాతావరణమే.

ఈ పూటే గూడు ఇంట్లోకి మార్చండి. తడి మట్టి, తడి గడ్డి తీసేసి పొడి గడ్డి పరవండి. ఒక మూల సెరామిక్ హీటరు వేలాడదీసి దాని కింద 35 డిగ్రీల దాకా, రెండో మూల 28 దాకా ఉండేలా చూడండి. ఒంట్లో బాగులేనప్పుడు రాత్రి కూడా 26కి తగ్గకూడదు. చేతితో తాకి అంచనా వేయవద్దు, థర్మామీటరును తాబేలు వీపు ఎత్తులో పెట్టి చూడండి. వేడికి ఒళ్లు ఎండిపోతుంది కాబట్టి రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టాలి. నీళ్లు గడ్డం కిందికే ఉండాలి. తీశాక బాగా తుడిచి వెచ్చని చోటికి చేర్చాలి. కిటికీ అద్దంలోంచి పడే ఎండను లెక్కలోకి తీసుకోకండి, తాబేలుకు కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపేస్తుంది.

ఇవన్నీ చికిత్సకు తోడు మాత్రమే, చికిత్స కాదు. మేత మానేసింది కాబట్టి డాక్టరుకు చూపించాల్సిందే. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. బయలుదేరే ముందు ఫోను చేసి, పాకే జీవులను చూసే డాక్టరు ఆ రోజు ఉంటారో లేదో అడగండి. ఆవుల, కుక్కల వైద్యం వేరు, దీని వైద్యం వేరు. అవసరమైతే చెన్నై, బెంగళూరు కూడా మనకు దగ్గరే. అట్టపెట్టెలో గుడ్డ పరిచి, వేడినీళ్ల సీసాను మరో గుడ్డలో చుట్టి పక్కన పెట్టి తీసుకెళ్లండి. కారులో ఏసీ వేయకండి.

అక్కడ రెండు విషయాలు అడగండి. ఒకటి, ఎక్స్‌రేను పైనుంచి మాత్రమే కాకుండా తల వైపు నుంచి కూడా తీస్తారా అని. తాబేలు ఊపిరితిత్తులు వీపు డిప్పకు అంటుకుని ఉంటాయి, ఎదురుగా తీసిన బొమ్మలోనే కుడి, ఎడమలను పోల్చి చూడవచ్చు. రెండు, ముక్కు స్రావాన్ని కల్చర్ పరీక్షకు పంపుతారా అని. ఏ సూక్ష్మజీవి, ఏ మందుకు లొంగుతుందో అందులో తేలుతుంది. ఎన్రోఫ్లాక్ససిన్, సెఫ్టాజిడిమ్ లాంటివి డాక్టర్లు వాడతారు. ఇంజెక్షన్ ముందు కాలికే వేయించండి, వెనక కాళ్ల నుంచి వెళ్లే రక్తం మూత్రపిండాల మీదుగా పోయే అవకాశం ఉంది.

దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి: పురుగుల మందుగా పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం. ఎవరు ఇవ్వబోయినా అడ్డుకోండి.

తాబేలు నోరు తెరిచి, మెడ పైకి సాచి, ముందు కాళ్లు లోపలికీ బయటికీ ఆడిస్తూ ఊపిరి తీసుకుంటుంటే రేపటి దాకా ఆగకండి.

కొర్లగుంట వాసి, తిరుపతి
చాలా కృతజ్ఞతలమ్మా. గూడు ఇంట్లోకి మార్చాం. రంధ్రాల కింద చర్మం రంగు మారలేదు. నోరు తెరవడం లేదు. డిప్ప దగ్గర చెవి పెడితే సన్నగా గరగర వినిపిస్తోంది. ఫోను చేశాం, రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నారు. ఒక్క సందేహం. మే నెలలో ఒకసారి నోట్లోంచి నురగ వచ్చింది, తల, మెడ తడిసిపోయాయి. అప్పుడే మొదలైందా ఇది?

పలమనేరు పంతులమ్మ
మే నెల తిరుపతి ఎండలో అయితే అది వడదెబ్బ లక్షణం అయి ఉంటుంది. వేడి భరించలేనప్పుడు తాబేలు నోటి నుంచి నురగ కార్చుకుని తల, మెడ తడుపుకుంటుంది. అప్పుడు నీడకు చేర్చి ఒళ్లు మెల్లగా చల్లబరచాలి. ఇప్పటిది వేరు. అయినా రేపు డాక్టరుగారికి ఆ సంగతి కూడా చెప్పండి.

పీలేరు దగ్గర రైతు
మా పొలం గట్టు మీద చుక్కల తాబేలు ఒకటి దొరికింది. ముక్కు కారుతోంది. పిల్లలు పెంచుకుందామంటున్నారు. పైన చెప్పిన వైద్యం దీనికీ చేయవచ్చా?

శ్రీకాళహస్తి, అటవీశాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని
అన్నా, అది నక్షత్ర తాబేలు, మన మెట్ట పొలాల్లో, చిట్టడవుల్లో పుట్టి పెరిగే జీవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచడం నేరం. 2022 సవరణతో దాన్ని అత్యధిక రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో చేర్చారు. 2019లో సైటిస్, అంటే అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం, మొదటి అనుబంధంలోకీ ఎక్కించారు. దొంగరవాణా అంత జరుగుతోంది కాబట్టే ఇంత కట్టుదిట్టం. మీ చేతికి అందడం దాని అదృష్టం. గాలి ఆడే పెట్టెలో పెట్టి దగ్గరి అటవీశాఖ కార్యాలయానికి అప్పగించండి, ముక్కు కారుతోందని కూడా చెప్పండి.

జబ్బుతో ఉన్నదాన్ని అలాగే అడవిలో వదిలేయడమూ తప్పే. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి తాబేళ్ల ముక్కు వ్యాధికి ఒక కారణం. ముక్కు ఆరిపోయి బాగున్నట్టు కనిపించినా అది ఒంట్లో మిగిలి ఉండి ఇతర తాబేళ్లకు అంటుకోవచ్చు. ఎర్రచెవి తాబేళ్లు పెంచేవారికీ ఇదే నా మనవి. మొక్కు పేరుతోనో, పెంచలేకనో వాటిని కోనేట్లో, చెరువులో వదలకండి. అవి అమెరికా నుంచి వచ్చినవి, మన నీటి తాబేళ్ల మేతనూ చోటునూ ఆక్రమిస్తాయి.

సులకాటా ఉన్నవారు 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకున్నారో లేదో ఒకసారి చూసుకోండి.

పీలేరు దగ్గర రైతు
ఈ సాయంత్రమే అప్పగిస్తాను. పిల్లలను కూడా వెంట తీసుకెళ్తాను.

గిరింపేట, చిత్తూరు
తుపాను రాత్రుల్లో కరెంటు పోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మేం థర్మోకోల్ పెట్టెకు గాలి రంధ్రాలు చేసి, వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి రెండు వైపులా పెడతాం, చల్లారగానే మారుస్తాం. సీసా ఒంటికి నేరుగా తగిలితే కాలుతుంది, తాబేలు వెంటనే పక్కకు జరగదు. గదిలో కుంపటి మాత్రం పెట్టవద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకు ఇంకా చేటు.

కొర్లగుంట వాసి, తిరుపతి
చూపించి వచ్చాం. ఎదురుగా కూడా ఎక్స్‌రే తీశారు. ఎడమ ఊపిరితిత్తిలో కింది భాగం మసకగా ఉంది, నెమ్మేనన్నారు. స్రావం పరీక్షకు పంపారు. మూడు రోజులకొకసారి ముందు కాలికి ఇంజెక్షన్, మందును సన్నని తుంపరగా పీల్పించే నెబ్యులైజర్ రోజూ పెట్టమన్నారు. బుడగలు ఆగిపోతే ఇంజెక్షన్లు ఆపేయవచ్చా? ప్రతిసారీ అది కాలు లాక్కుంటుంటే బాధగా ఉంది.

పశువైద్య విద్యార్థిని, తిరుపతి
ఆపకండి. తాబేలు చీము మన చీములా పలచగా ఉండదు, జున్నుముక్కలా గట్టిపడి ఊపిరితిత్తిలోనే కూర్చుంటుంది. దగ్గి బయటికి తేలేదు కాబట్టి ఒళ్లే దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకోవాలి. అందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పైకి బుడగలు తగ్గాక కూడా లోపల మసక మిగిలే ఉంటుంది. కోర్సు పూర్తయ్యాక మళ్లీ ఎక్స్‌రే తీసి, డాక్టరుగారు చెప్పాకే మానాలి. మధ్యలో మానితే తిరగబెడుతుంది, రెండోసారి అదే మందు పనిచేయకపోవచ్చు.

ఈలోగా వారానికోసారి ఒకే వేళకు, మేత పెట్టకముందే, వంటింటి త్రాసు మీద తూచి రాసిపెట్టండి. మేత తింటోందా లేదా అన్నదాని కంటే ఆ కాగితం మీ డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. ఆకలి మొదలవగానే మునగాకు, గరిక, మందారాకు, ముళ్లు తీసిన నాగజెముడు రెబ్బలు కొంచెం కొంచెంగా పెట్టండి. బలం వస్తుందని అన్నం, పప్పు పెట్టకండి. ఇంట్లో ఇంకో తాబేలు ఉంటే గది, నీళ్ల పళ్లెం వేరు చేయండి, ముందు ఆరోగ్యంగా ఉన్నదాని పని చూసి ఆ తర్వాతే దీని దగ్గరికి వెళ్లండి. కొత్తది తెచ్చినా కనీసం మూడు నెలలు విడిగా ఉంచాకే కలపండి.