కొత్త బండి మీది లేబులే తప్పుగా ఉంటే? ఇంగ్లిష్ రాని డ్రైవర్‌కు అది ఎవరు చదివి చెప్పాలి?

ఏనుమాముల డీసీఎం

అందరికీ నమస్తే. నాది వరంగల్. మార్కెట్ నుంచి మిర్చి, పత్తి లోడ్లు వేస్తుంటాను. ఈ మధ్యనే కొత్త డీసీఎం (మధ్యరకం లారీ) తీసుకున్నాను. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన టైర్ల గాలి స్టిక్కర్ ఉంటుంది కదా, దాని మీద ముందు టైర్లకు 65 పీఎస్‌ఐ, వెనక టైర్లకూ 65 అని ఉంది. బండితో ఇచ్చిన పుస్తకంలో మాత్రం వెనక 85. షోరూంలో అడిగితే "ప్రింటింగ్ మిస్టేక్ అన్నా, దాన్ని పట్టించుకోకండి, పుస్తకం చూసుకోండి" అన్నారు.

నేను పుస్తకం చూస్తాను, సరే. కానీ బండి నడిపేది నా డ్రైవర్. గాలి కొట్టేది ఏ ఊరి దగ్గరో పంక్చర్ షాపులో పిల్లగాడు. వాళ్లు పుస్తకం తెరుస్తారా? డోర్ తీసి స్టిక్కరే చూస్తారు. పైగా స్టిక్కర్ మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉంది. నా డ్రైవర్ ఏడో తరగతి వరకు తెలుగు మీడియం. అంకెలు చదువుతాడు, పక్కన రాసింది ఖాళీ బండి సంగతో లోడ్ బండి సంగతో ఆయనకు తెలియదు.

ఇలాంటివి మీకెవరికైనా ఎదురయ్యాయా? ఎవరికి రాస్తే పని అవుతుంది?

ఆటోనగర్ మెకానిక్

అన్నా, పీఎస్‌ఐ పక్కన కేపీఏ అని ఇంకో వరుస ఉంటుంది, అదీ గాలి ఒత్తిడి కొలతే. అక్కడ ఏముందో చెప్పండి.

ఏనుమాముల డీసీఎం

ముందు 448, వెనక 586.

ఆటోనగర్ మెకానిక్

దొరికింది. పీఎస్‌ఐని 6.9తో గుణిస్తే దాదాపు కేపీఏ వస్తుంది. 65కు 448 సరిపోయింది. 586 అంటే 85 పీఎస్‌ఐ. అంటే మీ స్టిక్కర్‌లో కేపీఏ వరుస కరెక్ట్, పీఎస్‌ఐ వరుసలో వెనక అంకె తప్పు. పుస్తకం తప్పా స్టిక్కర్ తప్పా అన్న వాదనే లేదు, స్టిక్కరే తనతో తాను విభేదిస్తోంది. ఫోటో తీసి పెట్టుకోండి, ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

దీన్ని చిన్న విషయం అనుకోకండి. 85 ఉండాల్సిన చోట 65తో ఫుల్ లోడ్ వేస్తే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది. వంగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు ఎలా ఉంటాయో తెలుసు కదా. రామగుండం వైపు 45 డిగ్రీలు దాటిన రోజుల్లో రోడ్డు అంతకంటే ఎక్కువ కాలుతుంది. టైర్లు పగిలి నా దగ్గరికి వచ్చే బండ్లలో ఎక్కువ భాగం గాలి తక్కువైనవే. ఎక్కువై పగిలినవి చాలా తక్కువ.

ఇంకో మాట. స్టిక్కర్ మీద అంకె ఎప్పుడూ చల్లటి టైరుకు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి 2, 3 శాతం పెరుగుతుంది. మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి వచ్చి ఆగిన బండికి గేజ్ పెడితే ఎక్కువే చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తారు కొందరు. అలా తీయొద్దు. పొద్దున బండి కదలక ముందే చూసుకోండి.

కాజీపేట పిల్ల

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాన్నగారి బండి టీఎస్ నంబర్. పక్కింటి వాళ్లు టీజీ స్టిక్కర్ అంటించుకున్నారు, మమ్మల్నీ మార్చుకోమంటున్నారు. నంబర్ తెలుగులో కూడా రాయించవచ్చా?

ఆటోనగర్ మెకానిక్

రెండూ వద్దమ్మా. టీజీ 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు. పాత టీఎస్ బండ్లు అలాగే నడుస్తాయి. ఆర్‌సీలో టీఎస్ ఉండి ప్లేట్ మీద టీజీ ఉంటే రెండూ కలవవు, ఆపితే సమాధానం చెప్పుకోవాలి. నంబర్ ప్లేట్ మీద మాత్రం రూల్ ప్రకారం ఇంగ్లిష్ అక్షరాలు, మామూలు అంకెలే ఉండాలి.

టన్నర్ లోడ్ పెద్దపల్లి

నేను సిలిండర్ల లారీ నడుపుతాను. నీళ్ల ఫిల్టర్ బెడ్లకు క్లోరిన్ టన్నర్లు (టన్ను గ్యాస్ పట్టే పెద్ద సిలిండర్లు), కోల్డ్ స్టోరేజీలకు అమ్మోనియా సిలిండర్లు. లేబుల్ తప్పు అంటే ఏమవుతుందో నా బండి సంగతి చెబితే అర్థమవుతుంది.

మా లాంటి బండ్లకు రెండు పక్కలా, వెనకా, మూడు చోట్ల ప్రమాద సమాచార బోర్డు ఉండాలి. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 134వ రూల్. సరుకు పేరు కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో, యూఎన్ నంబర్ (ఏ సరుకో చెప్పే నాలుగు అంకెలు) 100 మిల్లీమీటర్ల ఎత్తులో, డైమండ్ గుర్తు 250 మిల్లీమీటర్ల చదరంలో. కింద ఎమర్జెన్సీ ఫోన్ నంబర్, సరుకు పంపినవాళ్ల నంబర్. ఇవన్నీ నేను ట్రైనింగ్‌లో నేర్చుకున్నాను.

క్లోరిన్ నంబర్ 1017. అమ్మోనియా 1005. నేను ఇంతకుముందు పని చేసిన చోట రెండు లోడ్లకూ ఒకే బోర్డు. లోడ్ మారినా బోర్డు మారేది కాదు. అడిగితే "రెండూ గ్యాసే కదా" అనేవాళ్లు. రెండూ గ్యాసే, కానీ ఒకదానికి చేసే పని ఇంకోదానికి చేస్తే జనం చచ్చిపోతారు. క్లోరిన్ గాలి కంటే బరువు, పల్లంలోకి దిగి అక్కడే నిలుస్తుంది. కాబట్టి జనాన్ని గుట్ట మీదికి, ఎత్తుకు పంపాలి. లీకైన చోట నేరుగా నీళ్లు కొట్టకూడదు, ఆ తడికి ఇనుము తినేసి రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. అమ్మోనియాను నీళ్లు బాగా పీల్చుకుంటాయి, అందుకే ఆవిరి మీదికి తుంపరలా నీళ్లు కొడతారు. ఇప్పుడు చెప్పండి, లోపల క్లోరిన్ ఉండి బయట 1005 అని ఉంటే ఫైర్ వాళ్లు ఏం చేస్తారు?

ఇక రెండో సంగతి. క్యాబిన్‌లో ట్రెమ్ కార్డు పెట్టుకోవాలి. లీకైతే ఏం చేయాలి, ఒంటి మీద పడితే ఏం చేయాలి అన్నీ అందులో ఉంటాయి. నాకు ఇచ్చిన కార్డు మొత్తం ఇంగ్లిష్. 9వ రూల్ ప్రకారం ఇలాంటి సరుకు తోలే డ్రైవర్‌కు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిష్ చదవడం, రాయడం రావాలి, మూడు రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలి. నాకు ఇంగ్లిష్ చదవడం వచ్చు. కానీ కళ్లు మండుతూ, ఊపిరి ఆడకుండా ఉన్నప్పుడు ఇంగ్లిష్ పేరా చదివి అర్థం చేసుకునేంత కాదు. నాతో వచ్చే క్లీనర్‌కు అసలు రాదు. నేను పడిపోతే ఆ కార్డు చదవాల్సింది వాడే.

డ్రైవర్‌కు సరుకు గుణం తెలిసేలా చూడాల్సిన బాధ్యత 135వ రూల్‌లో ఓనర్ మీదే పెట్టారు. అదే మాట ఇప్పటి ఓనర్‌తో చెప్పాను. ఆయన మంచివాడు, తెలుగులో రాయించి, ఇంగ్లిష్‌ది ఒక పక్క, తెలుగుది ఇంకో పక్క పెట్టి ల్యామినేషన్ చేయించి ఇచ్చాడు. ఖర్చు ఒక భోజనం అంత కూడా కాలేదు.

ఏనుమాముల డీసీఎం

తమ్మీ, నువ్వు రాసింది చదివి ఒళ్లు జలదరించింది. మార్కెట్ చుట్టూ ఉన్నవన్నీ కోల్డ్ స్టోరేజీలే, మిర్చి సీజన్‌లో రోజూ ఆ రోడ్డు మీదే మా బండ్లు.

రిటైర్డ్ ఫైర్

టన్నర్ లోడ్ రాసింది అక్షరం పొల్లు లేదు. సర్వీసులో ఉన్నప్పుడు మాకు దూరం నుంచి ముందు కనిపించేవి ఆ నాలుగు అంకెలు, డైమండ్ రంగు. పెట్రోల్ 1203, డీజిల్ 1202, వంట గ్యాస్ ట్యాంకర్ 1075. ఫోన్ చేసేవాళ్లు ఆ నంబర్ చెప్పగలిగితే మేం బయలుదేరే ముందే ఏం తీసుకెళ్లాలో తెలుస్తుంది. 101కు చేసినా 112కు చేసినా ముందు ఆ అంకెలు చదివి చెప్పండి. చదవడానికి దగ్గరికి మాత్రం పోకండి. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి.

అంకెలు అన్ని దేశాల్లోనూ ఒకటే కాబట్టి మాకు భాషతో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఊరివాళ్లకు. ట్యాంకర్ బోల్తా పడిందని తెలియగానే డబ్బాలు, బిందెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చే ఊళ్లు ఉన్నాయి. వాళ్లకు 1203 అంటే ఏం తెలుసు? ఆ బోర్డు కిందే "మంట అంటుకుంటుంది, దగ్గరికి రావద్దు" అని తెలుగులో అరడుగు అక్షరాలతో రాయించండి. రూల్‌లో ఉన్న బోర్డును కప్పకుండా, దాని కింద. ట్యాంకర్ ఓనర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇది నా విన్నపం.

ఖాళీ ట్యాంకర్ అని బోర్డు తీసేయడం కూడా తప్పే. కడగని ట్యాంకర్‌లో మిగిలిన ఆవిరి చాలు అంటుకోవడానికి.

హన్మకొండ టీచర్

నేను రాయాలనుకున్నది బస్సుల గురించి. ఆర్టీసీ బస్సులో "అత్యవసర ద్వారము" అని తెలుగులో ఉంటుంది, చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. పెళ్లిళ్లకు, టూర్లకు మాట్లాడుకునే ప్రైవేటు బస్సుల్లో పరిస్థితి వేరు. వేరే రాష్ట్రం నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి చాలా ఉంటాయి. మా పిల్లల టూర్‌కు వచ్చిన ఒక బస్సులో కిటికీ పక్కన సూచనలు కన్నడంలో, ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఇంగ్లిష్ స్టిక్కర్ మీద కర్టెన్ రాడ్ బిగించారు. అద్దం పగలగొట్టే సుత్తి ఉండాల్సిన చోట ఖాళీ క్లిప్పు ఉంది. బస్సు వెనక్కి పంపి వేరేది తెప్పించమని పట్టుబట్టాను. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు విసుక్కున్నారు, అయినా సరే.

2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. తెల్లవారుజామున, నిద్రలో. అప్పటి నుంచి బస్సు ఎక్కగానే బయటికి దారి ఎక్కడుందో చూడకుండా కూర్చోలేను. నిద్ర మత్తులో, చీకట్లో, పొగలో ఉన్న మనిషికి తన భాషలో పెద్ద అక్షరాలు, బాణం గుర్తు ఉండాలి. ఇంగ్లిష్ వచ్చినవాళ్లకైనా అప్పుడు అదే అక్కరకొస్తుంది.

స్కూళ్లలో పనిచేసేవాళ్లకు చెబుతున్నాను. బస్సు మాట్లాడుకునేటప్పుడు రేటుతో పాటు ఇది కూడా అడగండి. ఫిట్‌నెస్ ఉందని కాగితం చూపిస్తారు. కాగితం చూశాక లోపలికి ఎక్కి కూడా చూడండి.

పరకాల స్టిక్కర్ వర్క్స్

అక్కా, మా షాపులో రోజూ చేసే పని ఇదే. ఒక బస్సుకు డోర్లు, కిటికీలు, ఫైర్ సిలిండర్ దగ్గర తెలుగు, ఇంగ్లిష్ రెండూ వేయడం పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి అయిపోతుంది. చీకట్లో మెరిసే షీట్ అడగండి, మామూలు రేడియం రంగు కాగితం వేరు. ట్రాక్టర్ ట్రాలీల వాళ్లకు కూడా చెబుతున్నా. ముందు తెలుపు, వెనక ఎరుపు, పక్కలకు పసుపు రిఫ్లెక్టర్ టేప్. వెనక తెల్ల టేప్ వేయమని వస్తారు కొందరు, రాత్రి దూరం నుంచి వచ్చేవాడికి ట్రాలీ ఎదురొస్తుందో ముందు పోతుందో తెలియదు. నేను వేయను.

ఓరుగల్లు టు బ్రాంప్టన్

మాది హంటర్ రోడ్, ఇప్పుడు కెనడాలో ఉంటున్నాను. డీసీఎం అన్న మొదట అడిగినదానికి ఇక్కడి సంగతి చెబుతాను. ఇక్కడ ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ కేంద్ర స్థాయిలో అధికార భాషలు. బండి భద్రత లేబుళ్లు రెండింటిలో ఉండాలి. అమెరికా నుంచి కారు తెచ్చుకుంటే అక్కడిది ఇంగ్లిష్ లేబుల్ కాబట్టి ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక రెండు భాషలదీ అంటించాలి. లేకపోతే దిగుమతి తనిఖీలో ఆగిపోతుంది. టైర్ల స్టిక్కర్‌లో అంకె తప్పు పడితే కంపెనీలు రీకాల్ (అమ్మిన బండ్లలో లోపాన్ని తామే సరిచేసి ఇవ్వడం) ప్రకటించి, ఓనర్లకు ఉత్తరం రాసి, కొత్త లేబుల్ ఇస్తాయి. బోల్టు లూజైతే ఎలా చూస్తారో దాన్నీ అలాగే చూస్తారు.

మన దగ్గరా దారి ఉంది. 2019 సవరణతో మోటార్ వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ వచ్చింది, లోపం ఉన్న బండ్లను రీకాల్ చేయించే అధికారం కేంద్రానికి ఉంది. 2021 ఏప్రిల్ నుంచి రూల్స్ అమల్లో ఉన్నాయి. కేంద్రం నడిపే బండ్ల రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ వాహన్ పోర్టల్‌లో ఓనర్ ఫిర్యాదు పెట్టవచ్చు. ఒక్కరు పెడితే కదలకపోవచ్చు. అదే మోడల్ వాళ్లు ఎక్కువ మంది పెడితే కదలక తప్పదు, ఎందుకంటే అమ్మిన బండ్లలో ఎన్నింటిపై ఫిర్యాదు వచ్చిందన్నది అక్కడ లెక్క.

ఏనుమాముల డీసీఎం

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను. షోరూంలో నోటిమాట మానేసి, మెకానిక్ అన్న చెప్పిన 586 లెక్కతో, ఫోటోతో, చాసిస్ నంబర్‌తో కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ రాశాను. ఈసారి "పట్టించుకోకండి" అనలేదు. కొత్త స్టిక్కర్ కొరియర్‌లో వచ్చింది, వెనక 85 అని ఉంది. పాతది పీకి అది అంటించాను. పక్కనే పరకాల తమ్ముడి దగ్గర తెలుగులో వేయించాను: "లోడ్ ఉన్నప్పుడు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ముందు 65, వెనక 85". నా డ్రైవర్ దాన్ని చూసి "ఇన్నాళ్లూ ఇది ఎందుకు రాయలేదు అన్నా" అన్నాడు.

కానీ అదే బ్యాచ్‌లో తప్పు స్టిక్కర్ ఇంకెన్ని బండ్లకు పోయిందని అడిగితే జవాబు లేదు. ఈ మధ్య కొత్త డీసీఎం తీసుకున్నవాళ్లు ఒక్కసారి డోర్ తీసి చూడండి. పీఎస్‌ఐ అంకెను 6.9తో గుణించండి, పక్క వరుసతో కలుస్తుందో లేదో ఇక్కడ రాయండి.

నర్సంపేట ట్రాన్స్‌పోర్ట్

ఇప్పుడే పోయి చూసి వచ్చాను. ముందు 65, 448. వెనక 65, 586. మూడు బండ్లున్నాయి, కొత్తదానికి మాత్రమే ఇలా ఉంది.

ఏనుమాముల డీసీఎం

అన్నా, చాసిస్ నంబర్ ఇక్కడ అందరి ముందు పెట్టకండి, నాకు మెసేజ్ చేయండి. ముందు మీ డ్రైవర్‌కు ఫోన్ చేసి వెనక 85 కొట్టించమని చెప్పండి. రాత్రికి ఇద్దరం పోర్టల్‌లో ఫిర్యాదు పెడదాం.