తండ్రి గొర్రెను కాజేస్తే కొడుకు సాక్ష్యం చెప్పాలా? కన్ఫ్యూషియస్ మాట మీద చర్చ

పాతపుస్తకం:
చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) సంభాషణల్లోని ఒక చిన్న ఘట్టం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. షె ప్రాంతపు పాలకుడు ఆయనతో గొప్పగా చెప్పాడట: మా దగ్గర ఎంత నిజాయితీపరుడు ఉన్నాడంటే, తండ్రి గొర్రెను కాజేస్తే వెళ్ళి సాక్ష్యం చెప్పాడు అని. కన్ఫ్యూషియస్ ఒప్పుకోలేదు. మా వైపు తండ్రి తప్పును కొడుకు, కొడుకు తప్పును తండ్రి బయటపెట్టరు, నిజాయితీ అందులోనే ఉంది అన్నాడు.

నాకు ఆయన చెప్పిందే సరైనదనిపిస్తుంది. ఆయన దొంగతనాన్ని వెనకేసుకు రాలేదు. అమ్మానాన్నలు తప్పు చేస్తే మెల్లగా నచ్చజెప్పాలని మరోచోట ఆయనే అన్నాడు. పైగా మూలంలో ఉన్న క్రియకు పాత వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం, దానంతట అది దొడ్లోకి వచ్చిన గొర్రెను కట్టేసుకోవడం. రాత్రికి నాన్నకు నచ్చజెప్పి, తెల్లారేసరికి దాన్ని తోలుకెళ్ళి ఇచ్చేసే దారి ఉండగా అధికారి దగ్గరికి పరుగెత్తడం దేనికి?

నిప్పులాంటినిజం:
గొర్రె కాబట్టి సరిపోయిందండీ. హత్య అయితే? కన్ఫ్యూషియస్ తర్వాతి చైనా తత్వవేత్త మోజి అనుచరుల పెద్ద ఫు టున్ ఛిన్ రాజ్యంలో ఉండగా ఆయన కొడుకు ఒక మనిషిని చంపాడు. అక్కడి రాజు హుయి ఆయనతో, మీరు పెద్దవారు, వేరే కొడుకు లేడు, శిక్ష వద్దని చెప్పేశాను అన్నాడు. ఫు టున్ వినలేదు. చంపినవాడు చావాలన్నది మా కట్టుబాటు అని సొంత కొడుక్కి మరణశిక్ష అమలు చేయించాడు. అందరినీ సమానంగా ప్రేమించాలని మోజి చెప్పిన మాటకు ఆయన చెల్లించిన ఖరీదు అది. నేను ఆ పని చేయలేను. అయినా ఆయనే గొప్పవాడంటాను.

గోదారిగట్టు:
కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తత్వవేత్త మెన్షియస్‌ను సరిగ్గా ఈ ప్రశ్నే అడిగారు. పురాణ కాలపు ఆదర్శ రాజు షున్ చక్రవర్తి తండ్రి హత్య చేస్తే ఏమవుతుంది? న్యాయాధికారి పట్టుకుంటాడు, షున్ అడ్డుపడడు అన్నాడు మెన్షియస్. మరి షున్ ఏం చేస్తాడు? అరిగిన చెప్పుల్లా రాజ్యాన్ని వదిలేసి, తండ్రిని వీపున ఎత్తుకుని సముద్రపు ఒడ్డుకు పారిపోయి బతుకుతాడు. అంటే సింహాసనం మీద కూర్చుని నాన్నను కాపాడే హక్కు లేదు. మన నాయకుల కొడుకుల కేసులు చూసినప్పుడల్లా నాకు ఆ చెప్పులే గుర్తొస్తాయి.

నల్లకోటు:
ఈ ఆదర్శం చట్టంలోకి దిగాక ఏమైందో కూడా చూడండి. కఠిన చట్టాలే రాజ్యాన్ని నడపాలన్న చైనా తత్వవేత్త హాన్ ఫెయ్ (మరణం క్రీ.పూ. 233) ఇదే గొర్రె కథను ఇంకోలా చెప్పాడు. ఆయన కథలో మంత్రి, ఫిర్యాదు చేసిన కొడుకునే చంపించాడు. ఆ తర్వాత, కథ జరిగిన చు రాజ్యంలో నేరాలు పైవాళ్ళ చెవిన పడటమే మానేశాయట. హాన్ ఫెయ్‌కి తండ్రీకొడుకుల ప్రేమ మీద కోపం లేదు. రాజ్యానికి మేలు చేసేది, ఇంటికి మేలు చేసేది ఒకటి కాదన్నదే ఆయన బాధ.

క్రీ.పూ. 66లో హాన్ రాజవంశపు చక్రవర్తి, తల్లిదండ్రులను దాచిన పిల్లలకు శిక్ష వద్దన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. క్రీ.శ. 653 నాటి టాంగ్ రాజవంశపు శిక్షాస్మృతిలో రాజద్రోహం లాంటివి తప్ప, తల్లిదండ్రుల మీద ఫిర్యాదు చేసిన కొడుక్కే ఉరి. కాపాడుకోవచ్చు అన్నది కాపాడి తీరాలి అయిపోయింది. నా అభ్యంతరం అక్కడ. 2012లో చైనా నేర విచారణ చట్టాన్ని సవరించి, నిందితుడి భార్యాభర్తలను, తల్లిదండ్రులను, పిల్లలను కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదన్నారు. చెప్పాలనుకుంటే చెప్పొచ్చు. నాకు నచ్చింది ఇదే.

కందిపప్పు:
నల్లకోటు గారూ, ఇంత చర్చలో గొర్రె ఎవరిదో ఎవరూ అడగలేదు. కన్ఫ్యూషియస్ కూడా అడగలేదు. మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. తూకం వేసేటప్పుడు చిటికెన వేలు పళ్ళేనికి ఆనించేవాడు. పదేళ్ళప్పుడు చూశాను. పక్కవీధి ముసలమ్మ అరకిలో పప్పు కొంగులో మూటగట్టుకుని, దండం పెట్టి మరీ వెళ్ళింది. నేను ఎవరికీ చెప్పలేదు, నాన్నకి కూడా. నాన్నను కాపాడాననే అనుకున్నాను. ఇప్పుడు ఆవిడ లేదు, నాన్నా లేడు.

పాతపుస్తకం:
కందిపప్పు గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. గొర్రెను తిరిగి ఇవ్వడం అన్నది నేను చేర్చుకున్నదే, ఆ ఘట్టంలో ఆ మాట లేదు. సాక్ష్యం విషయంలో ఇప్పటికీ కన్ఫ్యూషియస్ పక్షమే. కానీ ఇంట్లో కూడా నోరు విప్పని కొడుకుని ఆయన పేరు చెప్పి నేను సమర్థించలేను.