విండోస్ 11: అప్‌డేట్ తర్వాత డెస్క్‌టాప్ రావట్లేదు, ఫార్మాట్ తప్ప దారి లేదా?

ప్రశ్న: అప్‌డేట్ సగంలో ఉండగా ఛార్జింగ్ అయిపోయి ల్యాప్‌టాప్ ఆగిపోయింది. అప్పట్నుంచి ‘అన్‌డూయింగ్ చేంజెస్’ అంటూ రీస్టార్ట్ అవుతూనే ఉంది. సీ డ్రైవ్‌లో ట్యాలీ డేటా ఉందండీ. షాపులో ఫార్మాట్ కొట్టేద్దామంటున్నారు.

జవాబు 1: ఫార్మాట్ వద్దండీ, అప్పుడే అక్కడిదాకా పోనక్కర్లేదు. ఛార్జర్ పెట్టే ఉంచండి. లోగో రాగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయండి. ఇలా రెండుమూడుసార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. నెలనెలా వచ్చేది క్వాలిటీ అప్‌డేట్, ముందు దాన్నే తీయండి.

48 అంకెల బిట్‌లాకర్ కీ అడగొచ్చు. హోమ్ ఎడిషన్‌లోనూ డ్రైవ్‌కు తాళం పడి ఉండొచ్చు, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, తెరమీద కనిపించే కీ ఐడీతో సరిపోయే కీ తీసుకోండి. అది చేతికొచ్చేదాకా రీసెట్ జోలికి వెళ్లొద్దు.

అడిగినవారు: కీ దొరికింది. అప్‌డేట్ తీయడం మాత్రం కుదరలేదు. అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో, పాడైన విండోస్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ కొడితే ‘రిపేర్ పెండింగ్‌లో ఉంది, రీబూట్ చేయండి’ అంటోంది.

జవాబు 2: మీరు స్కాన్ చేసింది ఎక్స్ డ్రైవ్‌ని. రికవరీ తాత్కాలికంగా మెమరీలో నడిపే చిన్న విండోస్ అది, మీది కాదు.

ముందు ట్యాలీ డేటా బయటికి తీయండి. ప్రాంప్ట్‌లో నోట్‌ప్యాడ్ అని కొట్టి, ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకోండి. ఆ కిటికీలోనే ఫోల్డర్‌ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయొచ్చు. ఎంత అయిందో చూపించే గీత రాదు, తొందరపడి లాగేయకండి.

తర్వాత ప్రాంప్ట్‌లో వరసగా డిస్క్‌పార్ట్, లిస్ట్ వాల్యూమ్, ఎగ్జిట్ కొట్టండి, డ్రైవ్‌ల జాబితా కనిపిస్తుంది. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోతుంటాయి. విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఏ అక్షరం కింద ఉన్నాయో చూసుకోండి. డి అనుకుంటే (కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి):

డిఐఎస్ఎం /ఇమేజ్:డి:\ /క్లీనప్-ఇమేజ్ /రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్

సగంలో ఆగిన అప్‌డేట్ పనులన్నిటినీ ఇది వెనక్కి తిప్పుతుంది. బూట్ కాని విండోస్ కోసమే ఉన్న కమాండ్ ఇది. అయ్యాక రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే:

ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ /ఆఫ్‌బూట్‌డిర్=డి:\ /ఆఫ్‌విన్‌డిర్=డి:\విండోస్

అడిగినవారు: మొదటి కమాండ్‌తోనే డెస్క్‌టాప్ వచ్చేసిందండీ! చాలా థాంక్స్. ఇప్పుడు అప్‌డేట్ మళ్లీ పెట్టొచ్చా?

జవాబు 2: ఇవాళ వద్దు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్స్‌ని ఒక వారం పాజ్ చేయండి. నెట్ ఉండగా, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ప్రాంప్ట్‌లో డిఐఎస్ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్, అది పూర్తయ్యాకే ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ. వరస మార్చొద్దు. ఎస్ఎఫ్‌సీ మంచి ఫైళ్లు తెచ్చుకునే గోదాం విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్, దాన్ని బాగుచేసేది డిఐఎస్ఎం. శాతం ఒకచోటే చాలాసేపు నిలిచిపోయినట్టుంటుంది, కిటికీ మూసేయకండి.

జవాబు 1: సీ డ్రైవ్‌లో ఓ 20 జీబీ ఖాళీ చేసుకుని, ఛార్జర్ పెట్టి, అప్పుడు రెజ్యూమ్ నొక్కండి. మళ్లీ ఫెయిలైతే సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి, అక్కడున్న ఎర్రర్ నంబర్ ఇక్కడ పెట్టండి.