శాంసమ్ మీద బార్ట్ స్కోరు పేపర్లతో కలవడం లేదు, ఎక్కడ చూడాలి?

నల్లరేగడి:
ఇంగ్లిష్ చాట్‌లూ వాటి సారాంశాలూ ఉన్న శాంసమ్ డేటాసెట్ (శిక్షణకు 14,732 సంభాషణలు, వ్యాలిడేషన్‌కు 818, టెస్ట్‌కు 819) మీద సారాంశాలు రాసే బార్ట్-లార్జ్-సీఎన్ఎన్ మోడల్‌ని ఫైన్‌ట్యూన్ చేశాను, అంటే ఆ డేటాతో మరికొంత శిక్షణ ఇచ్చాను. లాస్ (శిక్షణలో తప్పు కొలత) బాగానే దిగింది. మనుషులు రాసిన సారాంశంతో ఎన్ని మాటలు కలిశాయో కొలిచే రూజ్-1 మాత్రం పేపర్లలో కనిపించేదాని కంటే నాలుగైదు పాయింట్లు తక్కువ, మాటల వరుసని కూడా చూసే రూజ్-ఎల్ ఇంకా తక్కువ. చాలా సారాంశాల్లో చివరి వాక్యం సంభాషణలో లేని సంగతి చెబుతోంది. ఇదే కోడ్‌ని తర్వాత తెలుగు చాట్‌ల మీద నడపాలి. ముందు ఏది సరిచూడాలి?

పిచ్చుక22:
ఆ చివరి వాక్యమే ఆనవాలండీ. ఆ మోడల్ వార్తల సారాంశాల కోసం తయారైంది. దాని కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైల్లో) మిన్-లెంగ్త్, అంటే కనీస పొడవు, 56 టోకెన్లు (మాటలు లేదా మాటల ముక్కలు), మ్యాక్స్ 142, పొడవు వైపు మొగ్గు ఎంతో చెప్పే లెంగ్త్ పెనాల్టీ 2.0, ఒకేసారి పోల్చి చూసే ప్రత్యామ్నాయాలు, అంటే బీమ్‌లు, 4. ఫైన్‌ట్యూన్ చేసినా ఇవి వెంటే వస్తాయి. శాంసమ్‌లో మనుషులు రాసిన సారాంశం సగటున 20 మాటలే. చెప్పాల్సింది అయిపోయినా 56 చేరేదాకా ముగింపు టోకెన్ వేసే వీల్లేదు కాబట్టి మోడల్ కల్పిస్తుంది. మిన్-లెంగ్త్‌ని 5కో 10కో దించి, ఉన్న చెక్‌పాయింట్‌తోనే (శిక్షణ తర్వాత దాచిన మోడల్‌తోనే) మళ్లీ జనరేట్ చేయండి, శిక్షణ అక్కర్లేదు. బీమ్, పెనాల్టీ విలువలు వ్యాలిడేషన్ మీదే ఎంచుకోండి.

గోదారిగట్టు:
రూజ్-ఎల్ సంగతి వేరు. గూగుల్ వాళ్ల రూజ్-స్కోర్ ప్యాకేజీలో రూజ్-ఎల్, రూజ్-ఎల్-సమ్ రెండున్నాయి. రెండోది కొత్త లైన్ గుర్తుని బట్టే వాక్యాలు విడదీస్తుంది. వాక్యాల మధ్య ఆ గుర్తు పెట్టకపోతే రెండూ ఒకే అంకె ఇస్తాయి. పేపర్‌లో ఏ ప్యాకేజీ వాడారో, స్టెమ్మర్ (మాట చివరి ప్రత్యయాలు కత్తిరించేది) పెట్టారో లేదో తెలియకుండా దశాంశాలు పోల్చడం దండగ. డైలాగ్‌సమ్ అనే ఇంకో సంభాషణల డేటాసెట్‌కి వెళితే టెస్ట్‌లో ఒక్కో సంభాషణకి మూడు రిఫరెన్సులుంటాయి (మనుషులు రాసిన సారాంశాలు), సగటు తీశారా, గరిష్ఠం తీశారా అన్నది రాయాలి. టీ5 అనే ఇంకో మోడల్‌కి మారితే దాని టోకెనైజర్ (పాఠాన్ని టోకెన్లుగా విడగొట్టేది) కొత్త లైన్లని మామూలు ఖాళీలు చేసేస్తుంది. ఒకరి మాట ఎక్కడ ముగిసిందో తెలియడానికి వేరే గుర్తు పెట్టండి.

పిచ్చుక22:
తెలుగు దగ్గర అసలు చిక్కు: రూజ్-స్కోర్ మామూలు టోకెనైజర్ ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ తప్ప అన్నీ తీసిపారేస్తుంది. సారాంశం ఎంత బాగున్నా సున్నా. సొంత టోకెనైజర్ ఇవ్వాలి. పైథాన్ రెగెక్స్‌లో (అక్షరాల నమూనాలు వెతికే రాతలో) అక్షరాల వరుసని పట్టే ‘\w+’ పెట్టారంటే ఇంకో గండం: గుణింతపు గుర్తులూ, పొల్లూ దానికి అక్షరాల కింద లెక్క కాదు. మాటలు ముక్కలై, ఆ ముక్కలే అంతటా కలిసి స్కోరు ఉత్తినే పెరుగుతుంది. విరామచిహ్నాలు తీసేసి ఖాళీల దగ్గర విడగొట్టండి. అప్పుడు ‘రాజమండ్రి’, ‘రాజమండ్రికి’ వేర్వేరు మాటలవుతాయి, స్కోరు తగ్గుతుంది. ఇంగ్లిష్ స్కోర్లతో పోల్చకండి.

గోదారిగట్టు:
ఒక 50 సారాంశాలైనా ఇద్దరు విడివిడిగా చదివి, ఎవరు ఏం చేశారన్న తప్పుల్నీ, అవును-కాదు తారుమారైన వాటినీ వేర్వేరుగా గుర్తించాలి. ‘వస్తానన్నాడు’ బదులు ‘రానన్నాడు’ అని పడితే పోయేది ఒక్క మాటే, రూజ్ పెద్దగా కదలదు.