పర్లాకిమిడి నుంచి దెగ్లూరు దాకా: తాతకో మాట, నాన్నకో మాట, తమ్ముడికో మాట

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఇంట్లో అబ్బాయికి మగవాళ్ళ మీదే, అమ్మాయికి ఆడవాళ్ళ మీదే మనసు పోతుందని తెలిసినప్పుడు మూడు తరాలవాళ్ళూ ఒకేలా ఉలిక్కిపడరు. ఒక్కో వయసుకి ఒక్కో భయం. అందరికీ ఒకే మాట చెప్పబోయి చాలామంది బోర్లా పడుతున్నారు. సొంత కథలు, పేర్లు వద్దు. ఒడిశా, మహారాష్ట్ర వైపు తెలుగువాళ్ళుండే సరిహద్దు ఊళ్ళలో ఏ మాట ఎవరి చెవికెక్కుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో, ఎందుకో రాయండి.

డెబ్భై దాటినవాళ్ళతో మొదలుపెడతాను. మగవాడు ఆడవేషం కట్టడం వాళ్ళకి కొత్త కాదు. తూర్పు భాగవతంలో సత్యభామ మగవాడే. బరంపురం ఠాకురాణి యాత్రకి మొక్కుకుని వేషాలు కట్టి తిరుగుతారు. వేషం దించి పెళ్ళాం పిల్లల దగ్గరికి వెళ్ళిపోతే ఎవరికీ పట్టింపు లేదు. పెళ్ళే వద్దన్నప్పుడు మాత్రం ఇల్లు లేచి కూర్చుంటుంది. పైగా పక్కింటి ఒడియావాళ్ళకి లేని మెలిక మనకొకటుంది, మేనరికం. మేనమామ కూతుర్ని పుట్టగానే వీడికని అనేసుకుంటారు. కుర్రాడు వద్దంటే అది వాడి మనసు సంగతిగా ఉండదు, ‘మా పిల్లకేం తక్కువ’ అని రెండిళ్ళ తగువవుతుంది. అందుకని అసలు విషయం కన్నా చాలా ముందే, పిల్ల పదో తరగతిలో ఉండగానే, మేనమామకి ‘మేనరికం ఉద్దేశం లేదు, మీరు ఆగొద్దు’ అని ఒక్క ముక్క చెప్పించాలి. కారణం చెప్పక్కర్లేదు.

బరంపురం బజారు:
సగం పని మాట దగ్గరే చెడుతోంది. పేపర్లు ఏళ్ళ తరబడి రాసింది ‘స్వలింగ సంపర్కం’. అందులో వినపడేది పడక సంగతే. నాన్నమ్మ ముందు ఆ మాట అన్నాక ఇంకేం చెప్పినా ఆవిడ చెవికెక్కదు. ‘స్వలింగ ఆకర్షణ’ కొంత మేలు గాని పుస్తకం వాసన. ఇంట్లో పనిచేసేది మామూలు వాక్యమే: ‘వాడికి ఆడపిల్లల మీద మనసు పోదమ్మా, మగవాళ్ళ మీదే పోతుంది, చిన్నప్పట్నుంచీ అంతే.’ ఒడియాలో చెప్పాల్సివస్తే ‘సమలింగీ’ అనండి. ‘మాయిచియా’ తిట్టు, మన ‘ఆడంగి’, ‘తేడా’ లాంటిదే. నవ్వుతూ కూడా వద్దు.

తర్వాత పెద్దావిడ అడిగేది దాదాపు ఖాయం: ‘అయితే చీర కట్టుకుంటాడా?’ హిజ్రాలు, ట్రాన్స్ వ్యక్తుల సంగతి తాను ఆడా మగా అన్న దాని గురించి. ఇది ఎవరి మీద మనసు పోతుందన్న దాని గురించి. ఆ తేడా అప్పుడే చెప్పకపోతే ఆవిడ రాత్రంతా వేరే భయంతో కూర్చుంటుంది.

దెగ్లూరు చావడి:
మా దిక్కు గూడ మాటల తోటే లొల్లి. మరాఠీల ‘బాయల్యా’ అంటే ఎక్కిరింపు, ‘సమలింగీ’ అంటే మర్యాద. నేను నడిమి తరం గురించి చెప్త, యాభై అటూ ఇటూ ఉన్నోళ్ళు. వీళ్ళల్ల చానామంది ఈ ముచ్చట మొదలు ఇన్నదే ఎయిడ్స్ కాలంల. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1992ల వచ్చింది. ఆ యెనుక గోడల మీద రాతలు, బడిల ఉపన్యాసాలు. గందుకే కొడుకు చెప్పంగనే నాయన నోట్లకెల్లి ఎల్లే మొదటి మాట ‘రోగమేమన్న ఉన్నదా?’ ఇది తిట్టు గాదు, భయం. దాన్ని తిట్టు అనుకొని పోరడు లేసిపోతే ముచ్చట ఆడ్నే ఆగుతది.

జవాబు సాఫ్‌గ ఇయ్యాలె: రోగం మనిషి రకంతోని రాదు, నిరోధ్ లేని కలయికతోని వస్తది, ఆడామగా నడుమ గూడ గట్లనే. పరీక్ష సర్కారు దవాఖానల ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష) కేంద్రంల ఫ్రీ, ఎవ్వరికీ చెప్పరు. ఉన్నా గూడ దాన్ని అదుపుల ఉంచే ఏఆర్‌టీ మందులు ఫ్రీనే. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ జేసి నాయననే అడుగుమనుండ్రి. పిల్లగాడు చెప్పినదానికంటె ఫోన్ల ఇన్నది జల్ది నమ్ముతరు, గదేందో మరి.

కోర్టుమెట్లు:
ఆ వయసు నాన్నల్లో రెండు రకాలు. ఒకరు ‘ఇది నేరం, పోలీసులు పట్టుకెళ్తారు’ అంటారు. ఇంకొకరు ‘ఇప్పుడు పెళ్ళిళ్ళు కూడా చేసుకోవచ్చట’ అంటారు. ఇద్దరిదీ తప్పే. వాళ్ళు ఏ ఏడాది వార్త దగ్గర ఆగిపోయారో చూసుకుని అక్కణ్ణుంచి చెప్పాలి. ఇలాంటి సంబంధాన్ని నేరమన్న 377వ సెక్షన్ 1860 నాటి శిక్షాస్మృతిది. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు పెద్దల ఇష్టపూర్వక సంబంధాన్ని అందులోంచి తప్పించింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, మొదటి రకం నాన్న ఇక్కడే ఆగాడు. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా నేరం కాదన్నారు. 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్ళిని గుర్తించడం తమ పని కాదు, చట్టసభలదే అన్నారు. అంటే కలిసి ఉండొచ్చు, పెళ్ళి రిజిస్టరు కాదు.

ఒక లొసుగు కూడా తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 లాంటిదే లేదు. అత్యాచారం సెక్షన్‌లో బాధితురాలు ఆడమనిషే. మగవాడి మీద మగవాడు బలవంతం చేస్తే దెబ్బలు, బెదిరింపు, నిర్బంధం సెక్షన్ల కింద పెట్టించుకోవాల్సిందే. ‘ఇక ఏ బాధా లేదు’ అని కుర్రాళ్ళకి చెప్పకండి.

లోగిలి (రాయగడ):
నాన్న భయం తగ్గాక అమ్మ మొదలుపెడుతుంది, ‘ఎవరికైనా చూపిద్దాం’ అని. మా వైపు అది దిసారి దగ్గరికి, కిందికెళ్తే ఎజ్జోడి దగ్గరికి, ఇద్దరూ మంత్రం, నాటువైద్యం చేసేవాళ్ళే. తాయెత్తుతో పోతే ఖర్చే. పొగ పెట్టడం, పస్తులుంచడం, గొలుసు వేయడం దాకా వెళ్తే అది హింస, వెంటనే 112. పట్నంలో ‘హార్మోన్ ఇంజక్షన్లు’, ‘కరెంటు’ అనేవాళ్ళు ఇంకా ప్రమాదం, ఎందుకంటే వాళ్ళు డాక్టరు కోటులో ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న దీన్ని జబ్బుల పట్టికలోంచి తీసేసింది. మారుస్తామనే చికిత్స వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. ఆ డాక్టరు మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయొచ్చు.

అయినా అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం మంచిదే. చూపించాల్సింది అమ్మ దిగులు, పిల్లాణ్ణి కాదు. అపాయింట్‌మెంటుకి ముందు ఫోన్లో రెండు ప్రశ్నలు అడగండి: దీన్ని జబ్బంటారా? పెళ్ళి చేస్తే సర్దుకుంటుందా? రెండిట్లో దేనికి ‘అవును’ వచ్చినా వేరేవాళ్ళని చూసుకోండి. డబ్బు లేకపోతే మనసు దిగులుకి సర్కారు ఉచిత ఫోన్ సాయం టెలీ మానస్ 14416, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

వంశధార ఒడ్డు (గుణుపురం):
మీరందరూ సట్టాలు బాగానే సెప్తన్నారు. కన్నోళ్ళ సంగతేటి? ఆడి కింద సెల్లి ఉంది, దానికి ఇటు పాతపట్నం నుంచో అటు పార్వతీపురం నుంచో సంబంధం రావాల. ఈ మాట బయటికొస్తే ఎవుడొస్తాడు? ముసలోళ్ళయ్యాక ఆళ్ళకి గంజి ఎవులు పోస్తారు? దానికి జవాబు సెప్పండి ముందు.

మహేంద్రతనయ:
న్యాయమైన ప్రశ్నే. నడి తరంతో మాట చెడేది ఎక్కువగా ఇక్కడే, పిల్లలు దీన్ని ‘పాతకాలం ఆలోచన’ అని కొట్టిపారేస్తారు. చెల్లి సంబంధం మాటల్లో ఉండగా, పండక్కి బంధువులొచ్చి ఉండగా, ఎవరైనా ఆస్పత్రిలో ఉండగా చెప్పొద్దు. ముందు ఒక్కరికే చెప్పాలి. చాలా ఇళ్ళలో అది అక్కో, వదినో. ఆ మనిషి రెండు మూడు నెలలు మోశాక తల్లికి, ఆ తర్వాతే తండ్రికి. గంజి ప్రశ్నకి మాటలు సరిపోవు, లెక్క చెప్పాలి: నెలకింత పంపుతాను, మందుల ఖర్చు నాది, ఇంటి అప్పులో నా వంతు ఇంత. పెళ్ళయిన కొడుకులందరూ అంత పంపుతున్నారా అని మాత్రం అడక్కండి, నిజమే అయినా అక్కడే గొడవవుతుంది.

చెల్లి పేరు చెప్పి కొడుక్కి బలవంతంగా పెళ్ళి చేస్తే మాత్రం ఇంకొక ఇంటి చెల్లిని నూతిలో తోసినట్టే. ఆ పెళ్ళి ఏడాదిలో పోలీస్ స్టేషన్‌కో విడాకులకో వెళ్తే ఈ చెల్లి సంబంధానికి అంతకన్నా దెబ్బ ఉంటుందా?

జయపురం సంత:
కుర్రాళ్ళందరూ అర్థం చేసుకుంటారనుకోవద్దు. ఇంగ్లీషు మాటలన్నీ వచ్చు, నోరు ఆగదు. ‘నేను సపోర్ట్ రా’ అంటూనే స్క్రీన్‌షాట్ క్లాస్ గ్రూపులో పడేస్తారు. చెప్పాలంటే ఎదురుగా చెప్పాలి, చాట్‌లో కాదు. డేటింగ్ యాప్‌లలో దూరం చూపించడం ఆపేయాలి, చిన్న ఊళ్ళో ‘400 మీటర్లు’ అంటే ఏ వీధో తెలిసిపోతుంది. కలుద్దామని పిలిచి నలుగురు చుట్టుముట్టి డబ్బు గుంజడం పాత మోసం. మొదటిసారి పగలు, జనం ఉన్నచోట కలవాలి, ఎక్కడికెళ్తున్నదీ ఒకరికి తెలియాలి. బెదిరిస్తే డబ్బు వేయొద్దు, ఒకసారి వేస్తే రేటు పెరుగుతుంది. చాట్ చెరపకుండా నంబర్లు, యూపీఐ ఐడీ దాచుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అది బలవంతపు వసూలు, న్యాయ సంహిత 308. ‘నువ్వేం చేస్తున్నావ్ అక్కడ’ అని స్టేషన్‌లో అడిగితే, అది నేరం కాదని 2018 తీర్పు గుర్తుచేయండి.

కోర్టుమెట్లు:
ఇద్దరు ఆడపిల్లలు ఇల్లు దాటి సరిహద్దు అవతలికి వెళ్తే ఏం జరుగుతుందో కూడా చెప్పుకోవాలి. ఇద్దరికీ 18 నిండాలి. ఒక్కరికి నెల తక్కువైనా పోక్సో (మైనర్లపై లైంగిక నేరాల చట్టం), అపహరణ కేసులు. ఇంటి నగలు తీసుకెళ్ళకూడదు, చెవిదుద్దులైనా సరే. ‘దొంగతనం’ అనే కేసు అక్కణ్ణుంచే పుడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పుస్తకం దగ్గరుండాలి. ఆధార్‌కి నాన్న ఫోన్ నంబరు ఉంటే ఓటీపీలన్నీ ఆయనకే వెళ్తాయి, బయల్దేరేముందే నంబరు మార్పించుకోవాలి. వెళ్ళిన రోజే రెండు జిల్లాల ఎస్పీలకీ ఉత్తరం: మేం మేజర్లం, మా ఇష్టంతో వచ్చాం, వయసు రుజువు ఇదిగో. స్పీడ్ పోస్టులో పంపి రసీదు పారేయొద్దు.

ఇంటివాళ్ళు హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేసినా బెదరక్కర్లేదు. 2020 ఆగస్టులో ఒడిశా హైకోర్టు ఒక ట్రాన్స్ యువకుడికీ అతని తోడైన యువతికీ కలిసి ఉండే హక్కుందంది. 2024 డిసెంబరులో ఆంధ్ర హైకోర్టు ఇద్దరు యువతుల విషయంలో అదే అంది. మనసు మార్చే కౌన్సెలింగ్‌లు చేయించొద్దు, వాళ్ళ ఇష్టం విడిగా అడగాలి అని 2024 మార్చిలో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. వకీలు ఖర్చుకి ఉచిత న్యాయసాయం నంబరు 15100. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితం. కాగితాలు ఒడియాలో ఉంటే ఇంగ్లీషు తర్జుమా జతచేయండి. పాతపట్నం స్టేషన్‌లో ఒడియా చదివేవాడు ఆ పూట సెలవులో ఉండొచ్చు.

వంశధార ఒడ్డు:
సరే. బేంకులో నామినీ కాయితంలో ‘సంబంధం’ అని ఒక గడి ఉంటాది గదా. కలిసుంటన్నోళ్ళయితే అందులో ఏటి రాయాల?

కోర్టుమెట్లు:
‘స్నేహితుడు’ అని రాస్తే చాలు. ఇలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. గుమాస్తా కాదంటే ఆ మాట గుర్తుచేసి మేనేజరు దగ్గరికి వెళ్ళమనండి. కాకపోతే నామినీ డబ్బు చేతికి తీసుకునేవాడే, సొంతదారు కాడు. అన్నదమ్ములు దావా వేస్తే పోతుంది. అందుకని పక్కన వీలునామా కూడా ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, ఆస్తి దక్కేవాడు సాక్షిగా ఉండకపోవడం మంచిది. రిజిస్టరు తప్పనిసరి కాదు గాని చేయిస్తే తర్వాత ‘దొంగ సంతకం’ అనడం కష్టం. నామినీ పేరు ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే రాయించండి, ఒడియా ఆధార్‌లో మన ఇంటిపేరు చివరికి చేరిపోయి ఉంటుంది, చాలామందికి కాగితం అక్కడే తిరిగొస్తోంది.