“ఉరిశిక్ష ఖరారు”: ఈ మాట ఏ కోర్టుకు చెల్లుతుంది?

పదకోశం:
హత్య కేసులో సెషన్స్ కోర్టు తీర్పు రాగానే “ఉరిశిక్ష ఖరారు” అని శీర్షిక. కొన్నాళ్లకు హైకోర్టు తీర్పుకూ అదే. సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేస్తే మళ్లీ అదే. ఒక్క శిక్ష ఎన్నిసార్లు ఖరారవుతుందండీ?

కోర్టుపక్షి:
ఒక్కసారే, అదీ హైకోర్టులో. సెషన్స్ జడ్జి చేసేది విధించడం. దోషి అప్పీలు చేసుకున్నా, మానుకున్నా ఆ కేసు రికార్డు హైకోర్టుకు పంపి తీరాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో ఇది 366వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 407. అక్కడ కనీసం ఇద్దరు జడ్జీలు సంతకం పెట్టాలి. ఇద్దరికీ అభిప్రాయం కలవకపోతే మూడో జడ్జి దగ్గరికి వెళ్తుంది. హైకోర్టు సాక్ష్యాలన్నీ మొదటి నుంచి చూస్తుంది. శిక్ష తగ్గించొచ్చు, నిర్దోషి అని వదిలేయనూ వచ్చు. అందుకే కింది కోర్టు “విధించింది”, హైకోర్టు “ఖరారు చేసింది”, సుప్రీంకోర్టు “సమర్థించింది”.

సబ్‌డెస్కు:
సింగిల్ కాలమ్‌లో “విధించింది” పట్టదు, అదీ అసలు బాధ. అప్పుడు “హంతకుడికి ఉరిశిక్ష” అని ఊరుకుంటే సరిపోతుంది. ఇంతకంటే పెద్ద తంటా “రద్దు”. “ఉరిశిక్ష రద్దు” అని చూస్తే మనిషి బయటికొచ్చేశాడనుకుంటారు. 1993 నాటి చిలకలూరిపేట బస్సు దహనం కేసులో 1998లో రాష్ట్రపతి చేసింది ఉరిని యావజ్జీవంగా మార్చడం. నేరం రుజువైందన్న తీర్పు చెక్కుచెదరలేదు. “ఉరి తగ్గింపు” అన్నా నయమే.

పదకోశం:
యావజ్జీవమంటే పద్నాలుగేళ్లేగా?

కోర్టుపక్షి:
కాదు. బతికున్నంత కాలమూ అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. 14 ఏళ్లన్నది ముందస్తు విడుదలకు కనీస గడువు. మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడ్డవాణ్ని ఆలోపు ప్రభుత్వం వదలడానికి వీల్లేదు (సీఆర్‌పీసీలో 433ఏ సెక్షన్, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 475). అది నిండగానే గేటు తీయరు, దరఖాస్తు పెట్టుకోవాలి. 2008 తర్వాత కొన్ని కేసుల్లో ఆ ఆశ కూడా లేకుండా, ఇన్నేళ్లదాకా తగ్గింపు లేదనో, చచ్చేదాకా లేదనో తీర్పులోనే రాస్తున్నారు. అలాంటివాటిని వట్టి “యావజ్జీవం” అని రాస్తే అసలు వార్తే పోతుంది.

సబ్‌డెస్కు:
“క్షమాభిక్ష తిరస్కరణ, ఇక ఉరే” అని తొందరపడే శీర్షికలూ ఉన్నాయి. తిరస్కరించిన సంగతి ఖైదీకి తెలిపాక ఉరికి 14 రోజులైనా వ్యవధి ఉండాలని 2014లో సుప్రీంకోర్టు తీర్పు. ఉరి తీయమని వారంటు ఇచ్చేది రాష్ట్రపతి భవన్ కాదు, శిక్ష వేసిన ఆ సెషన్స్ కోర్టే.

కోర్టుపక్షి:
వారంటులో తేదీ, సమయం రాసినా జారిపోవచ్చు. 2020లో తిహార్ జైల్లో నిర్భయ కేసు దోషులు నలుగురికి జనవరి 22 అన్నారు, తర్వాత ఫిబ్రవరి 1, ఆపైన మార్చి 3. ఉరి పడింది మార్చి 20 తెల్లవారుజామున. ఒకే కేసులో దోషుల్ని విడివిడిగా ఉరితీయకూడదన్నారు, వాళ్లేమో ఒకరి తర్వాత ఒకరు పిటిషన్లు వేస్తూ పోయారు. కాబట్టి “ఫలానా తేదీకి వారంటు జారీ” అని రాయండి, “ఫలానా తేదీన ఉరి” అని రాయకండి.