అప్‌డేట్: టీవీ ఛానెళ్ళలో జెర్కులు పోయాయి, తప్పు నాదే

పోయిన వారం అడిగాను కదా, డాలస్‌లో మా హాల్లో ఉన్న చిన్న ఇంటెల్ కంప్యూటర్ బాక్స్‌లో కోడి (వీడియోలు ఆడించే సాఫ్ట్‌వేర్), టీవీహెడ్‌ఎండ్ (యాంటెన్నా ఛానెళ్ళని దానికి అందించే సాఫ్ట్‌వేర్) పెట్టి యాంటెన్నాతో లైవ్ టీవీ చూస్తుంటే బొమ్మ ఆగి ఆగి వస్తోందని. చాలామంది సిగ్నల్ చూడమన్నారు, అటక ఎక్కి యాంటెన్నా తిప్పా, కేబుల్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్ కూడా తీసేశా, నడుం నొప్పి తప్ప ఏం రాలేదు.

ఒకరు మాత్రం ఏ ఛానెళ్ళలో వస్తోంది అని అడిగారు, అక్కడే దొరికింది. ఏబీసీ, ఫాక్స్ బానే వస్తున్నాయి, సీబీఎస్, ఎన్‌బీసీ మాత్రమే ఏడుస్తున్నాయి. మొదటి రెండూ 720పీ, అంటే ప్రతిసారీ పూర్తి బొమ్మ వస్తుంది; తర్వాతవి 1080ఐ, అంటే ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు వస్తాయి, వాటిని పూర్తి బొమ్మలుగా మార్చాలి (డీఇంటర్‌లేస్ చెయ్యాలి). ఛానెల్ ఆడుతుండగా కీబోర్డు మీద O అక్షరం నొక్కితే డీకోడర్ (వీడియోని విప్పే భాగం) పేరు చివర ఎస్‌డబ్ల్యూ (సాఫ్ట్‌వేర్) అని ఉంది, అంటే గ్రాఫిక్స్ చిప్ ఖాళీ, పనంతా పాపం సీపీయూ నెత్తిన. లైనక్స్ మళ్ళీ వేసినప్పుడు ఆ పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పజెప్పే వీఏఏపీఐ డ్రైవర్ వెయ్యడం మర్చిపోయింది నేనే 🤦 అది వేసి కోడిలో ఆన్ చేశాక హెచ్‌డబ్ల్యూ (హార్డ్‌వేర్) అని వచ్చింది.

ఇంకా ఎప్పుడో ఓసారి చిన్న కుదుపు మిగిలింది. స్క్రీన్ 60 హెర్ట్జ్‌లో ఉంది, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారుతుంది, ప్రసారం మాత్రం 59.94, అందుకని దాదాపు 17 సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ రిపీట్ అవుతోంది. కోడి ప్లేయర్ సెట్టింగ్స్‌లో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ (స్క్రీన్ వేగాన్ని వీడియోకి సరిపెట్టేది) ఆన్ చేస్తే అదీ పోయింది.

గుంటూరు నుంచి వచ్చిన నాన్నగారు అయితే "ముందే బానే ఉంది కదరా" అంటున్నారు, ఆయనకి తేడా తెలీలేదట.